పంచాయతీలో రోడ్డు, నీళ్లు, లైట్లు: గుంటూరు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు చుట్టూ ఉన్న ఊళ్లలో పంచాయతీ పనుల కోసం తిరిగేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలు ఇవి. జవాబులు చదివితే రెండు సంగతులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఆ పని అసలు ఎవరి చేతిలో ఉందో ముందు కనుక్కోవాలి. కనుక్కున్నాక అది తీర్మానాల పుస్తకంలోకి ఎక్కేదాకా వదలకూడదు. ఈ రెండూ తెలియకే మంచి మంచి అర్జీలు కూడా ఏళ్ల తరబడి బల్లల మీద పడి ఉంటున్నాయి.

మా ఊరి రోడ్డు గుంతలు పడింది, సర్పంచ్‌ని అడిగితే మాది కాదంటున్నారు. నిజమేనా?

నిజమే కావచ్చు. ఊళ్లో కనిపించే రోడ్లన్నీ పంచాయతీవి కావు. గుంటూరు, మంగళగిరి మీదుగా విజయవాడ వెళ్లే 16వ నంబరు రహదారి జాతీయ రహదారుల సంస్థది, దాని మీద ఏ ఇబ్బంది ఉన్నా 1033కి ఫోన్ చేయాలి. రాష్ట్ర రహదారులు, జిల్లా ముఖ్య రహదారులు ఆర్‌అండ్‌బీ (రోడ్లు, భవనాల శాఖ) వాళ్లవి. మెయిన్ రోడ్డు నుంచి ఊళ్లోకి వచ్చే లింకు రోడ్లు, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లే తారు రోడ్లు చాలావరకు పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ శాఖ చూస్తుంది. ఊరి లోపలి బజార్లు, సందులు, వాటి పక్కన సైడు కాలువలు, ఇవి పంచాయతీవి.

ఎవరిదో తెలియకపోతే గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ని అడగండి, రోడ్ల రిజిస్టర్ చూసి చెప్పాలి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్డయితే పక్కన బోర్డు ఉంటుంది, అది తప్పకుండా చదవండి. ఆ పథకంలో రోడ్డు పూర్తయ్యాక ఐదేళ్లపాటు మరమ్మతులు చేయాల్సిన బాధ్యత కాంట్రాక్టర్‌దే. ఐదేళ్లు నిండకముందే గుంతలు పడితే కొత్తగా నిధులు అడగాల్సిన పనే లేదు. పూర్తయిన తేదీ రాసి మండలంలోని పంచాయతీరాజ్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీర్) అర్జీ ఇస్తే చాలు. ఈ సంగతి తెలియక కొత్త రోడ్డు కోసం ఎమ్మెల్యే ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లు ఎంతమందో.

సర్పంచ్ గారు అందరి ముందూ వేయిస్తానన్నారు. ఇంకా తీర్మానం ఎందుకు?

మాటకి నిధులు రావు కాబట్టి. పంచాయతీ పాలకవర్గం సమావేశమై, అజెండాలో ఆ పని పెట్టి, సభ్యులు ఒప్పుకుని, మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు చేస్తేనే అది పంచాయతీ నిర్ణయం. దాని మీదే అంచనా వేస్తారు, దాని మీదే సాంకేతిక అనుమతి వస్తుంది, బిల్లు చేసేటప్పుడు కూడా ముందు అడిగేది తీర్మానం నంబరే. పాలకవర్గం నెలకోసారైనా కూర్చోవాలి. కాబట్టి "ఎప్పుడు వేయిస్తారు" అని కాకుండా "వచ్చే సమావేశం అజెండాలో ఇది ఉందా" అని అడగండి. అడిగే పద్ధతి మారిస్తే జవాబు కూడా సూటిగా వస్తుంది.

తీర్మానం అయ్యాక నంబరు, తేదీ మీ దగ్గర రాసి పెట్టుకోండి. సర్పంచ్ మారినా, కార్యదర్శి బదిలీ అయినా ఆ నంబరు మాత్రం మారదు.

గ్రామసభకి మామూలు జనం వెళ్లొచ్చా? వెళ్లి మాట్లాడితే రాసుకుంటారా?

ఊళ్లో ఓటు ఉన్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. ఎవరూ పిలవాల్సిన పని లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పంచాయతీ సమావేశం వేరు, గ్రామసభ వేరు. మొదటిదాంట్లో వార్డు సభ్యులు కూర్చుని తీర్మానిస్తారు, రెండోది ఊరందరిదీ. గ్రామసభకి రాజ్యాంగంలోనే చోటుంది, 73వ సవరణతో వచ్చింది, 1993 ఏప్రిల్ 24 నుంచి అమలవుతోంది. మన రాష్ట్రంలో పంచాయతీరాజ్ చట్టం 1994లో వచ్చింది. రోడ్లు, తాగునీరు, పారిశుధ్యం లాంటి 29 అంశాలు పంచాయతీలకి అప్పగించదగ్గవని 11వ షెడ్యూల్ చెబుతుంది.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలో ఉన్న 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. ఆ రోజు జనం కూడా బాగా వచ్చారు. మామూలు రోజుల్లో చాటింపు సరిగ్గా వేయరు, పొలాలకి వెళ్లే టైముకి పెడతారు, చివరికి పదిమంది సంతకాలతో అయిపోతుంది. ఇది ఊరికి చాలా నష్టం. నా మనవి ఒక్కటే, మీ బజారు నుంచి కనీసం నలుగురైదుగురు కలిసి వెళ్లండి, ఆడవాళ్లు కూడా రావాలి, ఎందుకంటే నీళ్ల సంగతి బిందె మోసేవాళ్లు చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరు. మాట్లాడాక మీరు చెప్పింది మినిట్స్‌లో రాశారా లేదా అక్కడే చదివించుకోండి. సంతకం ఆ తర్వాతే. ఖాళీ పేజీ మీద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ సంతకం చేయకండి.

ఏ నెలలో అడిగితే పని అయ్యే అవకాశం ఎక్కువ?

అక్టోబర్ నుంచి జనవరి లోపల. వచ్చే ఆర్థిక సంవత్సరానికి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారయ్యేది ఆ రోజుల్లోనే. 2018 నుంచి ఏటా అక్టోబర్ 2న ఈ ప్రణాళికల కార్యక్రమం మొదలుపెట్టడం ఆనవాయితీ అయింది. ప్రణాళికని ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో ఎక్కిస్తారు, అందులో లేని పనికి కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం డబ్బు ఖర్చు పెట్టడం కష్టం. మనవాళ్లేమో జూలైలో వాన పడి బజారంతా బురదైనప్పుడు అడుగుతారు. అప్పటికి ఆ ఏడాది జాబితా ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

మీ ఊరి ప్రణాళికలో ఏ పనులున్నాయో, ఎంత డబ్బు వచ్చిందో, ఎంత ఖర్చు చూపించారో ఫోన్‌లోనే చూడొచ్చు. ఈ-గ్రామ్ స్వరాజ్‌లో కానీ మేరీ పంచాయత్ యాప్‌లో కానీ జిల్లా, మండలం, ఊరు ఎంచుకుంటే వస్తుంది. ఊరి పిల్లలకి పది నిమిషాల పని, ఒకసారి చూసి వాట్సాప్ గ్రూపులో పెట్టమనండి.

పంచాయతీకి డబ్బులు ఎక్కడి నుంచి వస్తాయి? ఉన్న డబ్బుతో మా బజారు రోడ్డు వేయొచ్చు కదా?

ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఊళ్లో గొడవలు ఎక్కువగా ఇక్కడే వస్తాయి.

మొదటిది సొంత ఆదాయం. ఇంటి పన్ను, కుళాయి పన్ను, లైటింగ్, డ్రైనేజీ పన్నులు, సంత వేలం, చేపల చెరువు వేలం, లేఅవుట్, ఇళ్ల ప్లాన్ల ఫీజులు, రిజిస్ట్రేషన్ల మీద వచ్చే స్టాంపు డ్యూటీ సర్‌చార్జిలో వాటా. ఈ డబ్బుని దేనికి వాడాలన్నది చాలావరకు పంచాయతీ ఇష్టమే, కానీ జీతాలకి, కరెంటు బిల్లులకే సగం పోతుంది.

రెండోది కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు. దీనికి షరతులున్నాయి. 15వ ఆర్థిక సంఘం 2021-26 లెక్క ప్రకారం వచ్చిన గ్రాంటులో 60 శాతం పారిశుధ్యానికి, తాగునీటికే కట్టేశారు, ఆ రెంటికీ సగం సగం. మిగతా 40 శాతమే ఊరి అవసరాన్ని బట్టి రోడ్డుకో లైట్లకో వాడుకోమన్నారు, అందులోనూ జీతాలకి వాడకూడదన్నారు. కాబట్టి "పంచాయతీ ఖాతాలో పది లక్షలున్నాయంట, మన రోడ్డు ఎందుకు వేయరు" అంటే, ఆ పదిలో ఆరు నీళ్లవీ మురుగువీ అయి ఉండొచ్చు. అదే డబ్బుతో సైడు కాలువ అడిగితే వెంటనే ఒప్పుకోవచ్చు కూడా. ఏ ఖాతాలో ఎంత ఉందో తెలుసుకుని అడగడంలో ఉన్న లాభం ఇదే.

మూడోది ఉపాధి హామీ. కూలీకి 60, సామగ్రికి 40 అన్న నిష్పత్తిలో ఆ సామగ్రి వాటాతోనే మన ఊళ్లలో సిమెంటు రోడ్లు ఎక్కువగా పడ్డాయి. 2024 అక్టోబర్‌లో పల్లె పండుగ పేరుతో మొదలైన సీసీ రోడ్లు కూడా ఈ నిధులవే. ఊళ్లో కూలి పని ఎంత ఎక్కువ జరిగితే సామగ్రి వాటా అంత పెరుగుతుంది, ఇది చాలామందికి తెలియదు.

ఇవి కాక ఎంపీ నిధులు, జడ్పీ, మండల పరిషత్ నిధులు, క్వారీలున్న చోట సీనరేజీలో (రాయి, కంకర తవ్వినందుకు కట్టే రుసుము) వాటా ఉంటాయి.

మరి ఆ డబ్బు పంచాయతీ చేతిలోనే ఉంటుందా?

ఉండాలి. ఆర్థిక సంఘం డబ్బుని కరెంటు బకాయిల కింద సర్దేశారని 2021లో రాష్ట్రమంతా సర్పంచులు పార్టీలతో సంబంధం లేకుండా ఆందోళన చేశారు. ఊరి డబ్బు ఊరికే అన్న మాట మీద ఆ రోజు సర్పంచులు చేసింది సరైన పనే అని నా అభిప్రాయం. ఏ ప్రభుత్వమున్నా ఈ మాట మారకూడదు.

కొత్త సిమెంటు రోడ్డు ఏడాది తిరక్కుండానే పగిలింది. ఇప్పుడేం చేయాలి?

ముందు పగుళ్ల ఫొటోలు తీయండి, పక్కన స్కేలు పెట్టి తీస్తే ఇంకా మంచిది. తర్వాత ఆ పని అంచనా కాపీ, ఎం-బుక్ కాపీ అడగండి. ఎం-బుక్ అంటే ఏఈ కొలతలు రాసే పుస్తకం, రోడ్డు పొడవు, వెడల్పు, మందం అందులో ఉంటాయి. రోడ్డు అంచు దగ్గర మందం కొలిస్తే పుస్తకంలో ఉన్నదీ నేల మీద ఉన్నదీ ఒకటేనా కాదా తెలిసిపోతుంది. తేడా ఉంటే ఏఈ పైన ఉండే డీఈఈకి, క్వాలిటీ కంట్రోల్ వాళ్లకి రాయాలి. ఉపాధి నిధుల పనైతే సామాజిక తనిఖీ జరిగినప్పుడు చెప్పండి, అక్కడ చెప్పింది రికార్డు అవుతుంది.

కానీ అసలు జాగ్రత్త రోడ్డు వేసేటప్పుడే ఉండాలి. మన జిల్లాలో చాలాచోట్ల నల్లరేగడి నేల. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు తీస్తుంది. కింద గ్రావెల్ సరిగ్గా పరిచి రోలర్‌తో తొక్కించకుండా పైన ఎంత మంచి కాంక్రీటు పోసినా నిలవదు. ఇంకోటి క్యూరింగ్. పోసిన మర్నాటి నుంచి చిన్న చిన్న గట్లు కట్టి నీళ్లు నిలపాలి, తక్కువలో తక్కువ వారం, రెండు వారాలైతే మేలు. మే నెల ఎండల్లో పోసి, ఒక పూట నీళ్లు చల్లి వదిలేస్తే అది ఎన్నాళ్లుంటుంది? ఆ రెండు వారాలు మీ ఇంటి ముందు రోడ్డుకి మీరే రోజూ నీళ్లు పెట్టండి, బండ్లు ఎక్కనివ్వకండి. కాంట్రాక్టర్ పని మనమెందుకు చేయాలి అంటారు, సరే, చేయించండి, వినకపోతే మీరైనా చేయండి. రోడ్డు మీది.

కొత్త రోడ్డు ఇంటి గడప కంటే ఎత్తు అయిపోయింది, వానొస్తే నీళ్లు ఇంట్లోకే వస్తున్నాయి.

పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు పోయడం వల్ల వచ్చే బాధ ఇది. పాతది తవ్వి తీసి, మట్టం చూసి పోయాలని అంచనా దశలోనే అడగాలి. తీర్మానంలో "పాత రోడ్డు తొలగించి, ఇరువైపులా కాలువతో సహా" అన్న మాటలు రాయించండి. పోసేశాక మిగిలే దారి సైడు కాలువ లోతు చేయించుకోవడం ఒక్కటే.

అలాగే పని వరస కూడా చూసుకోండి. ముందు మంచినీళ్ల పైపు, తర్వాత మురుగు కాలువ, చివర్న రోడ్డు. తిరగేసి చేస్తే నిన్న వేసిన రోడ్డుని ఇవాళ పైపు కోసం తవ్వుతారు, ఆ గాడి ఇక పూడదు. మీ బజారుకి జల్ జీవన్ (ఇంటింటికీ కుళాయి పథకం) పైపులైను ఇంకా రాకపోతే రోడ్డు కొన్నాళ్లు ఆపమని అడగడమే తెలివైన పని.

పొలాలకి వెళ్లే డొంకని ఒకరు ఆక్రమించారు. పంచాయతీకి అధికారం ఉందా?

ఉంది, కానీ పంచాయతీ ఒక్కటే చేయలేదు. డొంక రెవెన్యూ రికార్డుల్లో పోరంబోకుగా ఉంటుంది, దాని వెడల్పు ఎంతో సర్వే పటంలో ఉంటుంది. కాబట్టి సర్పంచ్‌తో తగవు పెట్టుకునే ముందు వీఆర్వో, గ్రామ సర్వేయర్ దగ్గర ఆ పటం కాపీ తీసుకోండి. రైతులంతా సంతకాలు పెట్టి తహసీల్దార్‌కి సర్వే కోసం అర్జీ ఇవ్వండి, అదే సమయంలో పంచాయతీలో ఆక్రమణ తొలగించాలని తీర్మానం చేయించండి. రెండూ కలిస్తేనే హద్దురాళ్లు పడతాయి. మిర్చి కోతలప్పుడు, వరి కోతలప్పుడు ట్రాక్టర్ వెళ్లలేక పక్క పొలాల మీదుగా బతిమాలుకుంటూ టిక్కీలు (బస్తాలు) మోసే రైతులని చూస్తే, ఊరి రోడ్ల కంటే ముందు డొంకలకే గ్రావెల్ వేయాలనిపిస్తుంది. ఉపాధి హామీలో డొంక రోడ్ల పనులు చాలా జరిగాయి, అడిగిన ఊళ్లకే వచ్చాయి.

కుళాయి నీళ్లు రోజు మార్చి రోజు వస్తున్నాయి. ఎంత రావాలన్న లెక్క ఏమైనా ఉందా?

ఉంది. 2019 ఆగస్టు 15న మొదలైన జల్ జీవన్ మిషన్ ప్రకారం మనిషికి రోజుకి 55 లీటర్లు, అదీ ఇంటి కుళాయి ద్వారా, తాగడానికి పనికొచ్చే నీళ్లు. నలుగురున్న ఇంటికి 220 లీటర్లు. మీ కుళాయి కింద ఒక బకెట్ పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో చూస్తే లెక్క మీకే తేలుతుంది. ఆ లెక్కతో వెళ్లి అడిగితే "వస్తున్నాయిగా" అన్న జవాబు చెల్లదు.

బాధ్యత ఎవరిదంటే, ట్యాంకులు, పెద్ద లైన్లు కట్టేది ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా) శాఖ. కట్టి అప్పగించాక ఊళ్లో నడిపేది పంచాయతీ. మోటారు కాలిపోయినా, వాల్వ్ పాడైనా, పైపు పగిలినా పంచాయతీయే చూడాలి. పది పన్నెండు ఊళ్లకి కలిపి ఉండే స్కీము అయితే ఊరి ట్యాంకు దాకా ఆర్‌డబ్ల్యూఎస్ వాళ్ల పూచీ.

నీళ్లు రంగుగా వస్తున్నాయి, వాసన వస్తోంది. తాగొచ్చా?

తాగకండి. వెంటనే కార్యదర్శికి, ఏఎన్ఎంకి చెప్పండి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో తాగునీటి పైపుల్లో మురుగు కలిసి డయేరియా వచ్చింది, మనుషుల ప్రాణాలే పోయాయి. అది నగరం. ఊళ్లలో మంచినీళ్ల పైపు మురుగు కాలువలో నుంచే పోతుంటుంది, కుళాయి గుంట ఇంటి ముందు నేల మట్టానికి కింద ఉంటుంది. నీళ్లు వదిలినప్పుడు లీకు బయటికి కారుతుంది, ఆపాక అదే లీకులో నుంచి మురుగు లోపలికి పీల్చుకుంటుంది. కాబట్టి లీకు అంటే నీళ్లు వృథా కావడం ఒక్కటే కాదు.

అడగాల్సినవి ఇవి. ట్యాంకు చివరిసారి ఎప్పుడు కడిగారు, ఆ తేదీ ట్యాంకు మీద రాశారా, రోజూ క్లోరిన్ కలుపుతున్నారా. చివరి ఇంటి కుళాయిలో కూడా లీటరుకి 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. చిన్న పరీక్ష సీసాతో నిమిషంలో తేలుతుంది, ఆ కిట్టు ఊళ్లోనే ఉండాలి. ట్యాంకు దగ్గర కాదు, చివరి బజారులో చూపించమనండి. బ్లీచింగ్ పౌడర్ మూటలు పాతబడి, మూతి విప్పి ఉంచితే పనిచేయవు, అదీ గమనించండి.

మా ఊళ్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, పల్నాడు వైపు చుట్టాల ఊళ్లో ఫ్లోరైడ్ అంటున్నారు. కాచి తాగితే సరిపోతుందా?

కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు లేని చోట 1.5 దాకా సర్దుకోమన్నారు. నీళ్లలో కరిగిన లవణాలు 500 లోపు ఉంటే మంచిది, గతిలేకపోతే 2000 వరకు. మీ ఊరి నీళ్లు ఆర్‌డబ్ల్యూఎస్ ల్యాబులో పరీక్ష చేయించమని గ్రామసభలో అడగండి, ఫలితం పంచాయతీ గోడ మీద అతికించమనండి. ఊళ్లో ఆర్ఓ ప్లాంట్ స్థలమూ కరెంటూ పంచాయతీవైతే టిన్ను ధర ఎంతన్నది కూడా పంచాయతీ తీర్మానంలో ఉండాలి, ప్లాంటు నడిపేవాళ్లు సొంతంగా పెంచడానికి లేదు.

ఎండాకాలం వస్తే టెన్షన్. ముందుగా ఏం చేయించాలి?

మంచినీళ్ల చెరువు. కొమ్మమూరు కాలువ, గుంటూరు ఛానల్, సాగర్ కుడి కాలువ, ఏ కాలువ కింద ఉన్న ఊరైనా కాలువకి నీళ్లు ఆపేసే లోపు చెరువు నిండా పట్టాల్సిందే. దానికి ముందు చెరువులో పూడిక, తూటాకు తీయాలి, కాలువ నుంచి చెరువుకి వచ్చే బోదె బాగుచేయాలి, ఫిల్టర్ బెడ్లలో ఇసుక మార్చాలి. జనవరి సమావేశంలోనే ఇవి అజెండాలో ఉండాలి. ఏప్రిల్‌లో ట్యాంకర్ కోసం అడగడం కంటే జనవరిలో పూడిక కోసం అడగడం చాలా తేలిక, ఖర్చూ తక్కువ.

పక్కింటివాళ్లు కుళాయికి మోటారు పెట్టి లాగేస్తున్నారు.

తప్పు, పంచాయతీ కనెక్షన్ తీసేయొచ్చు. ఒక్కరి మీద ఫిర్యాదు అంటే ఇరుగుపొరుగు మధ్య మాటలు వస్తాయి, అందుకని ఊరంతటికీ వర్తించేలా తీర్మానం చేయించి చాటింపు వేయించండి. నీళ్లు వదిలే గంటలో కార్యదర్శి, వాటర్‌మ్యాన్ కలిసి బజార్లు తిరిగితే చాలావరకు ఆగిపోతుంది.

మురుగు కాలువ కట్టారు కానీ నీళ్లు పోవడం లేదు.

కాలువ చివర ఎక్కడ కలుస్తుందో చూడకుండా మధ్యలో కట్టేస్తే ఇలాగే అవుతుంది. ముక్కలు ముక్కలుగా, నిధులు వచ్చినంత మేర కడతారు. ఊరి వాలు ఎటో, చివర నీళ్లు ఏ వాగులోనో డ్రెయిన్‌లోనో కలుస్తాయో చూసి, అక్కడి నుంచి పైకి కట్టుకుంటూ రావాలి. మంచినీళ్ల చెరువులోకి మాత్రం పోనివ్వకండి.

కాలువల మీద చప్టాలు, మెట్లు, అరుగులు కట్టుకున్న సంగతి కూడా మాట్లాడుకోవాలి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సగం మునిగింది, అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు, కృష్ణా నది లంక ఊళ్లు కూడా మునిగాయి. నీటి దారి మూసేస్తే ఏమవుతుందో మన కళ్లతో మనమే చూశాం. తీసేయాల్సి వచ్చినప్పుడు అందరివీ తీయాలి, సర్పంచ్ బంధువుల ఇంటి అరుగుతో మొదలుపెడితే ఊళ్లో ఇంకెవరూ ఎదురు చెప్పరు.

వీధి లైట్లు వెలగడం లేదు, ఎవరికి చెప్పాలి?

బల్బు, స్విచ్ పంచాయతీవి. స్తంభం, వైరు కరెంటు వాళ్లవి, 1912కి చెప్పండి. పగలు కూడా వెలుగుతుంటే అదీ చెప్పండి, ఆ బిల్లు మన పన్నుల్లోంచే పోతుంది.

చెత్త బండి రావడం లేదు.

ఊరికి చెత్త నుంచి సంపద కేంద్రం షెడ్డు కట్టి ఉంటే అది పనిచేస్తోందా అని ముందు అడగండి. చాలా ఊళ్లలో షెడ్డు ఉంది, మనుషులకి జీతం లేదు. 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది, ఆ రోజు అధికారులు ఊళ్లోనే ఉంటారు, మీ బజారుకి తీసుకెళ్లి చూపించండి.

ఊరి చివర లేఅవుట్‌లో స్థలం కొన్నాం. పంచాయతీ రోడ్డు, కుళాయి ఇవ్వదంటోంది.

లేఅవుట్‌కి అనుమతి ఉందా లేదా అన్నదే ఇక్కడ ప్రశ్న. అనుమతి ఉన్న లేఅవుట్‌లో రోడ్లు, పది శాతం ఖాళీ స్థలం పంచాయతీ పేరున గిఫ్ట్ డీడ్ రాయాలి. అలా రాశాకే అవి పంచాయతీ ఆస్తి అవుతాయి, పంచాయతీ డబ్బు వాటి మీద పెట్టొచ్చు. డీడ్ లేకపోతే ఆ రోడ్డు ఇంకా వ్యాపారిదే, అక్కడ ప్రభుత్వ డబ్బు పెట్టలేరు. సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) పరిధిలో ఉన్న ఊరైతే అనుమతి నంబరు అక్కడ సరిచూసుకోండి. కొనేముందు సచివాలయంలో ఒక గంట కూర్చుని కనుక్కుంటే తర్వాత పదేళ్ల బాధ ఉండదు. రిటైరైన డబ్బంతా పెట్టి కొన్నవాళ్లు బురదలో నడుస్తుంటే చూడలేం.

మా ఊరిని కార్పొరేషన్‌లో కలిపితే రోడ్లు, నీళ్లు బాగుపడతాయా?

కొన్ని బాగుపడతాయి, కొన్ని పోతాయి. గోరంట్ల, నల్లపాడు, పెదపలకలూరు, ఏటుకూరు లాంటి ఊళ్లు 2012లో గుంటూరు కార్పొరేషన్‌లో కలిశాయి. 2021లో మంగళగిరి తాడేపల్లి కార్పొరేషన్ ఏర్పడినప్పుడు చుట్టూ ఉన్న పంచాయతీలు అందులో కలిశాయి. కలిశాక గ్రామసభ ఉండదు, ఉపాధి హామీ పని ఉండదు, పన్ను మున్సిపల్ లెక్కన ఆస్తి విలువ మీద పడుతుంది. బదులుగా పెద్ద నీటి పథకాలు, భూగర్భ డ్రైనేజీ అందే అవకాశం ఉంటుంది, ఎప్పటికి అన్నది మాత్రం వేరే సంగతి. కూలి పనుల మీద బతికేవాళ్లు ఎక్కువున్న ఊరైతే తొందరపడి ఒప్పుకోవద్దనే నేను చెబుతాను. కలపాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు అభ్యంతరాలకి గడువు ఇస్తారు, ఆ గడువులో రాసి ఇవ్వండి.

పనులు చేయనప్పుడు ఇంటి పన్ను ఎందుకు కట్టాలి?

కట్టండి. పన్ను ఆపితే ముందు ఆగేది వాటర్‌మ్యాన్ జీతం, పారిశుధ్య కార్మికుల జీతం. ఊళ్లో అందరికంటే తక్కువ సంపాదించేవాళ్లు వాళ్లు. కట్టి, రసీదు చేతిలో పెట్టుకుని అడిగితే మాటకి బలం ఉంటుంది. రసీదులో గ్రంథాలయ సెస్సు కూడా ఉంటుంది, పన్నులో రూపాయికి 8 పైసలు. మీ ఊళ్లో గ్రంథాలయం తెరుస్తున్నారా అని కూడా అడగొచ్చు.

సర్పంచ్ పదవీకాలం అయిపోతే ఎవరు సంతకం పెడతారు?

ప్రత్యేకాధికారి. 2018 ఆగస్టు నుంచి 2021 ఫిబ్రవరి ఎన్నికల దాకా రాష్ట్రమంతా అలాగే నడిచింది. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం గ్రాంటుకి కూడా ఇబ్బంది వస్తుంది. అర్జీలు ఇవ్వడం మాత్రం ఆపొద్దు, గ్రామసభ ఎప్పుడైనా ఉంటుంది.

వార్డు సభ్యుల వల్ల ఏమవుతుంది?

అనుకున్నదానికంటే ఎక్కువే అవుతుంది. తీర్మానంలో ఓటు వాళ్లదే. మీ వార్డు సభ్యురాలి బదులు ఆమె భర్త సమావేశానికి వెళ్తుంటే, "వదినా, మీరే వెళ్లండి, మేం వెనక ఉంటాం" అని ధైర్యం చెప్పండి.

మాది ఇప్పుడు పల్నాడు జిల్లా. జడ్పీ పని పడితే నరసరావుపేట వెళ్లాలా?

కలెక్టర్‌తో పనికి నరసరావుపేట. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కానీ అప్పుడున్న జిల్లా పరిషత్‌లు విడిపోలేదు, కాబట్టి జడ్పీ పనికి గుంటూరే. బాపట్ల జిల్లాలోకి వెళ్లిన పాత గుంటూరు మండలాలకీ ఇదే వర్తిస్తుంది.

ఊళ్లో చెప్పి చెప్పి అలిసిపోయాం. పైన ఎక్కడ చెప్పాలి?

వరస తప్పకుండా వెళ్లండి. కార్యదర్శి, తర్వాత మండలంలో ఎంపీడీవో, తర్వాత జిల్లా పంచాయతీ అధికారి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది, అక్కడ ఇచ్చిన అర్జీకి నంబరు ఇస్తారు, 1100కి ఫోన్ చేసి ఆ నంబరుతో ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోవచ్చు. సమస్య తీరకుండానే తీరిందని మూసేస్తే మళ్లీ తెరవమని అడగండి.

కాగితాలు కావాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. గ్రామ స్థాయిలో దరఖాస్తుకి ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే ఇంకో 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. "రోడ్డు ఎందుకు వేయలేదు" అని అడిగితే జవాబు రాదు, కాగితం అడగాలి. ఫలానా తీర్మానం కాపీ, అంచనా కాపీ, ఎం-బుక్ కాపీ, చెల్లింపుల వోచర్ కాపీ, ఇలా.

అర్జీ ఎలా రాయాలి? మాకు రాయడం రాదు.

పెద్ద భాష అక్కర్లేదు. ఎక్కడ, ఏమిటి, ఎంతమందికి, ఏం కావాలి, ఈ నాలుగు ఉంటే చాలు. ఇలా రాయండి:

"పంచాయతీ కార్యదర్శి గారికి. మా వార్డులో రామాలయం దగ్గర నుంచి మంచినీళ్ల చెరువు దాకా ఉన్న బజారులో సైడు కాలువ లేదు. మురుగు నీళ్లు కుళాయి గుంటల్లోకి వస్తున్నాయి. ఈ బజారులో ఇన్ని ఇళ్లున్నాయి. ఆర్థిక సంఘం పారిశుధ్య నిధుల నుంచి కాలువ కట్టేందుకు వచ్చే సమావేశం అజెండాలో పెట్టి తీర్మానం చేయవలసిందిగా కోరుతున్నాం. ఫొటోలు జతపరిచాం."

ఇళ్ల సంఖ్య లెక్కపెట్టి వేయండి, కింద ప్రతి ఇంటి నుంచి ఒక సంతకం, తేదీ. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముట్టినట్టు సంతకం, ముద్ర, తేదీ వేయించుకోండి. సంతకం చేయనంటే అదే అర్జీని స్పీడ్ పోస్టులో పంపండి, ఆ రసీదుని, చేరినట్టు వచ్చే రుజువుని కాపీకి పిన్ను చేసి దాచుకోండి.